ముగ్గు గీత దాటితే...

గడప ముందు రోజూ ముగ్గు పడే ఊరు. ఆ ముగ్గు పేరున్న రాయి గుట్టల్లోనే దొరికే మండలం. మరి ముగ్గు వేయడానికి ముందు వాకిట్లోంచి ఊడ్చిన చెత్త ఎక్కడికి పోతోంది? పెంటకుప్ప నుంచి పంచాయతీ ట్రాక్టరు దాకా... మహబూబాబాద్ జిల్లా గార్లలో ఆ చెత్త వెంట ఓ ప్రయాణం.

కోడి కూసే వేళకే చీపుళ్ల చప్పుడు మొదలవుతుంది. ముందు ఇల్లు, తర్వాత అరుగు, ఆ తర్వాత వాకిలి. ఊడ్చిన చోట పేడనీళ్లతో సాన్పు చల్లుతారు. ఆ తడి ఆరకముందే చుక్కలు పడతాయి. చుక్కల్ని కలుపుతూ గీతలు. అయిదు నిమిషాల్లో వాకిలి నిండుగా ముగ్గు!

ఈ ముగ్గుకూ గార్లకూ దగ్గరి చుట్టరికమే ఉంది. ఈ మండలంలోని గుట్టల్లో ముగ్గురాయి నిక్షేపాలున్నాయి. పేరులోనే ముగ్గును దాచుకున్న ఈ రాయిని శాస్త్రవేత్తలు బెరైటీస్ అంటారు. తెల్లగా, చూసినదానికంటే ఎత్తితే ఎక్కువ బరువుగా ఉంటుంది. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలికి పంపే బురదకు బరువు తెచ్చేది ఈ రాతిపొడే. రాయలసీమలోని మంగంపేట ఈ రాయితోనే ప్రపంచానికి తెలిసింది. గార్ల గుట్టలు అంత పెద్దవి కావు, అంత పేరూ రాలేదు. అయినా ముగ్గురాయి అనగానే ఈ చుట్టుపక్కల వాళ్లకు గుర్తొచ్చేది గార్లే.

ముగ్గు అయిపోయింది. వాకిలి అద్దంలా ఉంది. కానీ చాటలో ఊడ్చిన చెత్త అలాగే మిగిలింది. వేపాకులు, కూరగాయల తొక్కలు, నిన్న పిల్లలు తిని పారేసిన చిరుతిళ్ల ప్యాకెట్లు, పగిలిన గాజు, పాల కవరు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ముగ్గు గీత లోపలిది మన శుభ్రత. గీత దాటిన తర్వాత అది ఎవరి బాధ్యత?

కాజీపేట-విజయవాడ రైలు మార్గంలో మహబూబాబాద్ దాటాక గుండ్రాతిమడుగు, ఆ తర్వాత గార్ల, ఆ పైన డోర్నకల్ జంక్షన్. నిజాం కాలంలో గార్ల ఓ జాగీరు. ఆ తర్వాత చాలాకాలం ఖమ్మం జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మహబూబాబాద్‌కు వచ్చింది. ఓ పక్క బయ్యారం ఇనుప ఖనిజం, మరోపక్క ఇల్లెందు బొగ్గు. చుట్టూ లంబాడీ తండాలు. పక్క స్టేషన్ డోర్నకల్ 2018లో పురపాలక సంఘమైంది. మండల కేంద్రమైన గార్ల మాత్రం గ్రామ పంచాయతీ. బజార్లు, హోటళ్లు, చికెన్ సెంటర్లు, బడులు... పోకడ చిన్న పట్టణానిది. చెత్త ఎత్తాల్సింది మాత్రం ఓ పంచాయతీ. ఇలా ఊరుకీ పట్నానికీ మధ్య నిలబడ్డ మండల కేంద్రాలు తెలంగాణలో బోలెడు. అందుకే గార్ల చెత్త కథ ఒక్క గార్లది మాత్రమే కాదు.

పెంటకుప్ప ఓ ఆస్తి!

ఓ యాభై ఏళ్లు వెనక్కి వెళ్తే... ఈ ప్రాంతంలో 'చెత్త' అనే మాటకు అంత పని ఉండేది కాదు. 'పెంట' అనేవారు. కోస్తా వాళ్లకు ఆ మాట వినగానే ముక్కు మూసుకోవాలనిపిస్తుందేమో కానీ తెలంగాణ రైతుకు పెంట అంటే ఎరువు. ప్రతి ఇంటికీ దొడ్లోనో, ఊరి చివరో ఓ పెంటకుప్ప ఉండేది. పశువుల కొట్టంలో పేడ, అవి తినగా మిగిలిన గడ్డి, పొయ్యిలో బూడిద, ఊడ్చిన దుమ్ము, రాలిన ఆకులు అన్నీ దాని మీదికే. ఏడాదంతా మాగి నల్లగా, పొడిపొడిగా తయారయ్యేది. ఎండాకాలంలో ఎడ్లబండ్లు కట్టి ఆ పెంటను పొలాలకు తోలేవాళ్లు. తొలకరి పడేలోగా చల్లేసేవాళ్లు. ఎవరి కుప్ప ఎంత పెద్దదైతే వాళ్ల పంట అంత బాగుంటుందని లెక్క. ఒకరి కుప్ప మీద ఇంకొకరు చెయ్యి వేస్తే పంచాయితీ దాకా పోయేది. ఇప్పుడు ఊరంతా వద్దంటున్న చెత్త కోసం అప్పట్లో గొడవలు పడేవారన్నమాట!

మిగతా వస్తువుల సంగతీ అంతే. బియ్యం కడిగిన నీళ్లు, గంజి కుడితి తొట్టిలోకి. అది గేదెకు. బూడిదలో సగం అంట్లు తోమడానికి. చిరిగిన చీరలు బొంతలయ్యేవి. ఇంకా చిరిగితే మసిగుడ్డలు. పెళ్లి భోజనాలు మోదుగాకు ఇస్తర్లలో. తిన్నాక ఆ ఆకులూ పెంటకుప్ప మీదికే. పాత ఇనుప ముక్కలు, పగిలిన సీసాలు కొనేవాడు తట్టతో వీధిలోకి వచ్చేవాడు. బదులుగా ఉల్లిగడ్డలో, పిల్లలకు మిఠాయో ఇచ్చేవాడు. పాతబట్టలకు గిన్నెలు మార్చుకునే ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని తిరిగేవారు. దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు కూడా వట్టిగా పోయేవి కావు. చూరులో దోపి దాచిపెడితే వాటికీ ఓ బేరగాడు వచ్చేవాడు.

'రీసైక్లింగ్' అనే మాట అప్పుడు ఎవరికీ తెలియదు. కానీ పని మాత్రం ప్రతి ఇంట్లో జరిగిపోయేది. ఇదంతా సవ్యంగా సాగడానికి కారణం ఒక్కటే. ఏ వస్తువుకు ఆ దారి విడిగా ఉండేది. కుడితి తొట్టిలో గాజుముక్క వేసేవాళ్లు ఉండరు. పెంటకుప్పలో ఇనుము పారేసేవాళ్లూ ఉండరు. ఏర్పరచడం అనేది ఎవరో వచ్చి నేర్పాల్సిన పాఠం కాదు. ఇంటి ఆడవాళ్ల చేతిలో ఉన్న అలవాటు.

కవరు కలిసింది

తర్వాత తర్వాత ఎడ్లు తగ్గాయి. ట్రాక్టర్లు వచ్చాయి. పేడకు బదులు యూరియా బస్తా వచ్చింది. కట్టెల పొయ్యి పోయి గ్యాస్ వచ్చింది కాబట్టి బూడిద లేదు. దొడ్లు గదులయ్యాయి. మట్టి వాకిళ్లు సిమెంటు వాకిళ్లయ్యాయి. పెంటకుప్పకు చోటు పోయింది. దాంతో పనీ పోయింది. అదే సమయంలో కొత్త చుట్టం ఊళ్లోకి దిగింది. పేరు కవరు!

కూరగాయలకు కవరు, పాలకు కవరు, చికెన్‌కు నల్ల కవరు, పార్శిల్ చాయ్‌కీ కవరే. రూపాయి షాంపూ ప్యాకెట్, గుట్కా ప్యాకెట్, చిప్స్ ప్యాకెట్. తర్వాత నీళ్ల ప్యాకెట్లు, సీసాలు. ఫంక్షన్లలో మోదుగాకు పోయి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు వచ్చాయి. ఈ కొత్త చుట్టంతో వచ్చిన చిక్కు ఏమిటంటే, అది మాగదు. మాగే దాన్నీ మాగనివ్వదు. ప్లాస్టిక్ కవరులో మూటకట్టి పారేసిన అన్నం, తొక్కలు గాలి తగలక కుళ్లిపోతాయి. కంపు కొడతాయి. ఆ వాసనకు వచ్చిన ఆవు మూటతో సహా మింగుతుంది. పొట్టలో కవర్లు ఉండలు చుట్టుకుని పశువులు చచ్చిపోయిన సంఘటనలు పశువైద్యులకు కొత్త కాదు.

ఇక్కడో సంగతి గమనించాలి. కూరగాయల తొక్కలు విడిగా ఉంటే ఎరువు. సీసాలు, అట్టలు, ఇనుము విడిగా ఉంటే పాతసామాన్ల దుకాణంలో కిలోకింత అని డబ్బులు. రెండూ దేనికది సరుకే. కలిస్తేనే చెత్త! తడిసిన అట్టముక్కను ఎవరూ కొనరు. గాజుపెంకులు, కవర్లు కలిసిన ఎరువును ఏ రైతూ పొలంలో చల్లడు. ఎందుకంటే నాట్లు వేసేటప్పుడు కాళ్లు కోసుకునేది ఆయనింటి వాళ్లే కదా.

కేంద్ర ప్రభుత్వం 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని రకాల ప్లాస్టిక్ వస్తువుల్ని నిషేధించింది. ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ అందులో ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచనైన చేతిసంచులూ కూడదంది. చట్టం పుస్తకంలో బాగానే ఉంది. కానీ పల్లె కిరాణా కొట్లో మైక్రాన్లు కొలిచేదెవరు?

ట్రాక్టరు వచ్చింది

2019 సెప్టెంబరు 6. తెలంగాణలో పల్లెలన్నింటా 30 రోజుల కార్యాచరణ మొదలైన రోజు. తర్వాత అదే పల్లె ప్రగతిగా కొనసాగింది. అంతకుముందు ఏడాది వచ్చిన కొత్త పంచాయతీరాజ్ చట్టంతో తండాలు కూడా పంచాయతీలయ్యాయి. గార్ల మండలంలోనూ అలా సొంత పంచాయతీ దక్కించుకున్న తండాలున్నాయి. రాష్ట్రంలో మొత్తం 12,700కు పైగా పంచాయతీలు. ఒక్కో పంచాయతీకి ఓ ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు. ఊరి చివర డంపింగ్ యార్డు, చెత్త వేరుచేసే షెడ్డు, నర్సరీ, వైకుంఠధామం. చెత్త ఎత్తడానికి పల్లెకో సొంత బండి ఉండాలన్న ఆలోచన అప్పటిదాకా పెద్ద ఊళ్లకే తప్ప చిన్నవాటికి ఊహకు కూడా అందలేదు. అంతెందుకు, దేశంలో చెత్త గురించి 2000లో వచ్చిన మొదటి నిబంధనలు పురపాలక సంఘాలకే పరిమితం. పల్లెల్లో చెత్త పుడుతుందని ఎవరూ అనుకోలేదు మరి!

ట్రాక్టరు రావడంతో ఊళ్ల రూపం మారిన మాట నిజం. ఏళ్లుగా మలుపుల్లో పేరుకున్న దిబ్బలు కదిలాయి. పాడుబడ్డ ఇళ్ల మొండిగోడలు, బావుల పక్కన పిచ్చిచెట్లు పోయాయి. ఇంటి ముందుకు బండి వస్తుందన్న నమ్మకం కలిగింది.

షెడ్డులో జరగాల్సిన పని చెప్పుకోవడానికి తేలికే. తడి చెత్త ఓ పక్క తొట్లలోకి. దాని మీద పేడనీళ్లు చల్లి, వానపాములు వదిలితే రెండు నెలల్లోపు ఎరువు. అది ఊరి నర్సరీలో మొక్కలకు పోస్తారు. మిగిలితే అమ్ముతారు. పొడి చెత్తను గాజు, ఇనుము, అట్ట, ప్లాస్టిక్ అని అరల్లో వేస్తారు. పాతసామాన్ల వ్యాపారికి అమ్మితే పంచాయతీకి నాలుగు రూపాయలు. చివరికి గుంతలోకి పోవాల్సింది చారెడంతే. కాగితం మీద లెక్క ఇదీ.

ఈ లెక్క తప్పేది షెడ్డు దగ్గర కాదు. ఇంటి గేటు దగ్గర! బండి ఆగుతుంది. ఇంట్లోంచి ఒకే బకెట్ వస్తుంది. అన్నీ అందులోనే. ఏ ఊరి గల్లీలో చూసినా ఇదే మాట.

''ఏందక్కా, మళ్ల తడిది పొడిది కలిపినవ్?''

''రేపటిసంది ఏర్పరుస్త గని... ఇయ్యాల్టికి తీస్కపో తమ్మీ!''

ఆ రేపు వచ్చేలోగా ట్రాలీ నిండుతుంది. కలిసిన చెత్తను షెడ్డులో పోసి ఏరాలంటే పది మంది చాలరు. దాంతో బండి షెడ్డు దగ్గర ఆగకుండా నేరుగా గుంత దగ్గరికి వెళ్తుంది. కుప్ప పెరుగుతుంది. పెరిగినప్పుడల్లా అగ్గి పెడతారు. పొద్దున వాకిట్లో ముగ్గు వేసిన ఇంటికే సాయంత్రం ప్లాస్టిక్ కాలిన పొగ తిరిగొస్తుంది.

చేతులు వాళ్లవి

బకెట్‌లో ఏముందో ముందుగా తెలిసేది దాన్ని ఎత్తే చేతులకే. పగిలిన ట్యూబులైటు, షేవింగు బ్లేడు, సూదులు, పసిపిల్లల డైపర్లు, వాడిన శానిటరీ నాప్‌కిన్లు... ఒక్కోసారి కాగితంలో చుట్టైనా ఉండవు. గాజు గుచ్చుకుంటే సెప్టిక్. అయినా మర్నాడు పొద్దున్నే పనిలోకి రావాలి.

తెలంగాణ పంచాయతీల్లో వీళ్లను మల్టీపర్పస్ వర్కర్లు అంటారు. పేరుకు తగ్గట్టే పని. రోడ్లు ఊడ్వడం, మురుగు తీయడం, చెత్త ఎత్తడం, మొక్కలకు నీళ్లు పోయడం, వీధిలైట్లు చూడటం... ఎవరికి ఏ పని పడితే అది. జీతం 2019లో నెలకు 8,500 రూపాయలుగా నిర్ణయించారు. 2023లో మరో వెయ్యి పెరిగింది. అంటే రోజుకు 300 రూపాయలు దాటి కాస్తంత. అది కూడా నెలనెలా చేతికొస్తే అదృష్టమే. జీతాలు పెంచాలని, అన్ని పనులూ ఒకరితోనే చేయించే పద్ధతి తీసేయాలని 2023 జులైలో రాష్ట్రమంతా పంచాయతీ కార్మికులు సమ్మెకు దిగారు. నెలకు పైగా సాగింది. ఆ రోజుల్లో బండి రాని ఊళ్లలో జనానికి తెలిసొచ్చింది... తమ ఇంట్లో రోజుకు ఎంత చెత్త పుడుతుందో!

ఇంకో దెబ్బ 2024లో తగిలింది. ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిసింది. ఎన్నికలు జరగలేదు. ప్రత్యేకాధికారులు వచ్చారు. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీలకు కేంద్ర ఆర్థిక సంఘం నిధులు రావు. నిధులు లేకపోతే డీజిల్ ఎక్కడిది? టైరు పంక్చరైతే ఎవరు వేయిస్తారు? చాలాచోట్ల కార్యదర్శులే జేబులోంచి తీసి డీజిల్ పోయించిన పరిస్థితి. మాజీ సర్పంచులేమో తాము చేసిన పనుల బిల్లులు రాలేదంటూ రోడ్డెక్కారు. దాదాపు రెండేళ్ల తర్వాత, 2025 డిసెంబరులో మూడు విడతలుగా ఎన్నికలు జరిగి కొత్త సర్పంచులు వచ్చారు.

దీన్నిబట్టి తెలిసేదేంటంటే... ట్రాక్టరు కొనడం ఒకరోజు పని. దాన్ని రోజూ నడపడం ఊరు ఉన్నంతకాలం పని. బండి ఒక్కటే దిక్కనుకున్న ఊరు బండి ఆగిన రోజునే ఆగిపోతుంది. ఇంట్లో సగం చెత్తను ఇంట్లోనే తీర్చుకునే ఊరికి బండి వారం రాకపోయినా ప్రాణం మీదికి రాదు.

పొరుగూళ్ల పాఠాలు

ఇదంతా అయ్యే పనేనా అంటే... అయిన ఊళ్లు ఎక్కడో లేవు. ఖమ్మం దాటి అటు వెళ్తే సూర్యాపేట. 2000 దశకం మొదట్లో ఆ పట్టణం దేశమంతటికీ ఓ వింత. వీధుల్లో చెత్తకుండీలు తీసేసింది! కుండీ ఉంటే దాని చుట్టూ దిబ్బ తయారవుతుందన్నది అప్పటి కమిషనర్ ఎస్.ఏ.ఖాదర్ ఆలోచన. ఇంటింటికీ బుట్టలిచ్చి, తడి పొడి విడిగా తీసుకోవడానికి ట్రాక్టర్లు తిప్పారు. తడి చెత్త ఎరువైంది. పొడి చెత్త అమ్మకానికి వెళ్లింది. చూసి నేర్చుకోవడానికి ఎక్కడెక్కడి వాళ్లో సూర్యాపేట దారి పట్టారు.

ఇటు వరంగల్. 2012 అక్టోబరులో అక్కడ ఓ వింత పోటీ జరిగింది. క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ పేరుతో వేరే పట్టణాల పారిశుద్ధ్య సిబ్బంది జట్లుగా వచ్చి వరంగల్ వీధుల్లో చెత్త సేకరించారు. ఇంటింటికీ వెళ్లి తడి పొడి వేరుచేయించారు. ఆటలాగా మొదలై ఊరి అలవాటుగా మారాలన్నది ఉద్దేశం. కొన్నాళ్లు బాగానే సాగింది. తర్వాత పట్టు సడలింది. మడికొండ దగ్గరి రాంపూర్ డంపింగ్ యార్డులో చెత్త గుట్టలా పెరిగింది. నిప్పంటుకుని పొగలు కమ్మితే చుట్టుపక్కల జనం ఆందోళనలకు దిగారు. అలవాటు ఒకసారి తప్పితే ఎక్కడికి పోతుందో చెప్పడానికి ఆ గుట్టే సాక్ష్యం.

పట్టణాల సంగతి సరే, పల్లెల్లో? ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ మండలంలో ముఖ్రా(కె) అనే చిన్న ఊరుంది. అందరికీ ఇచ్చినట్టే దానికీ షెడ్డు ఇచ్చారు. ఆ ఊరివాళ్లు తడి చెత్తతో వానపాముల ఎరువు చేసి అమ్మారు. లక్షల రూపాయలు వచ్చాయి. అందులో కొంత సౌర విద్యుత్ పలకలకు వెచ్చించారు. అంటే చెత్తతో ఊరికి కరెంటు! సిద్దిపేట జిల్లాలో ఇంకో దారి కనిపెట్టారు. స్టీల్ బ్యాంకులు పెట్టారు. డబ్బులు దాచే బ్యాంకు కాదు, పళ్లేలు, గ్లాసులు దాచే బ్యాంకు. పెళ్లికో, పేరంటానికో కావాలంటే తీసుకెళ్లి, తోమి తిరిగివ్వాలి. ఒక్కో ఫంక్షన్‌కు వందల ప్లాస్టిక్ గ్లాసులు తప్పిపోయినట్టే.

వీటిలో దేనికీ కోట్ల రూపాయల యంత్రం అక్కర్లేదు. ఇంటి దగ్గర వేరుచేయడం, దాన్ని మళ్లీ కలపకుండా మోసుకెళ్లడం. ఈ రెండూ ఆగని చోట పని ముందుకు సాగింది. ఏ ఒక్కటి ఆగినా కుప్ప పెరిగింది. ఇంట్లో వేరుచేసి ఇచ్చిన చెత్తను బండిలో మళ్లీ ఒకేచోట పోశారనుకోండి... మూడో రోజు ఏ ఇల్లాలూ రెండు బుట్టలు పెట్టదు. ఆ తప్పు ఆమెది కాదు.

వాగు మర్చిపోదు

గార్లకు దగ్గర్లో పాకాల వాగు పారుతుంది. పేరులోనే ఉంది పుట్టుక. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన పాకాల చెరువు నుంచి వచ్చే నీరు అది. పక్కనే ఉన్న బయ్యారం చెరువును తవ్వించింది గణపతిదేవుని సోదరి మైలాంబ. ఎనిమిది వందల ఏళ్లుగా నీటిని నమ్ముకున్న నేల ఇది. వానాకాలంలో రాంపురం దగ్గర వాగు పొంగితే అటువైపు ఊళ్లకు రాకపోకలు ఆగిపోవడం గార్లకు ఎప్పటినుంచో అలవాటు. ఆ వాగే కిందికి వెళ్లి మున్నేరవుతుంది. ఖమ్మాన్ని ఒరుసుకుంటూ పారి ఎన్టీఆర్ జిల్లాలో కృష్ణలో కలుస్తుంది.

అంటే ఇక్కడ కాలవలోకి విసిరిన కవరు ఖమ్మం మీదుగా కృష్ణ దాకా ప్రయాణం చేస్తుందన్నమాట. టిక్కెట్టు లేకుండా!

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1. మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల మీద ఆకాశం విరుచుకుపడింది. కేసముద్రం-ఇంటికన్నె మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఖమ్మంలో మున్నేరు పొంగి కాలనీలు మునిగాయి. నీరు తీశాక ఇళ్లలోకి వెళ్లిన జనానికి మోకాలి లోతు బురద, దాంతోపాటు చెత్త స్వాగతం చెప్పాయి. ఆ వరదకు కారణం చెత్త కాదు, కుండపోత వాన. కానీ ఎగువ ఊళ్లన్నీ వాగు ఒడ్డున వదిలేసినదాన్ని వరద దిగువ ఇళ్లలోకి తెచ్చి పోస్తుంది. కవర్లతో పూడిన మురుగు కాల్వలైతే చిన్న వానకే నీటిని వీధిలోకి తోస్తాయి. ఇచ్చిందేదీ వాగు ఉంచుకోదు. ఎవరికో ఒకరికి తిరిగిచ్చేస్తుంది.

ఇంట గెలిస్తేనే...

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. చెత్త విషయంలో ఈ మాటను అక్షరాలా పాటించాలి. గార్ల లాంటి ఊరికి ఓ అదృష్టం ఉంది. పట్నంలో అపార్ట్‌మెంట్ వాళ్లకు లేనిది, ఇక్కడి చాలా ఇళ్లకు ఇంకా ఉంది. కాస్త పెరడు, ఓ చెట్టు, పక్కింట్లో గేదె, ఊరి చివర పొలం. అన్నం, గంజి, తొక్కలు వీటిలో దేనికో ఒకదానికి పెట్టేస్తే బండిలోకి వెళ్లే తడి చెత్త సగానికి సగం తగ్గిపోతుంది. మిగిలిన పొడి చెత్తలో సీసాలు, అట్టలు, ఇనుము పాతసామాన్ల వాళ్లు కొనుక్కుంటారు. బ్లేడ్లు, సూదులు, డైపర్లు కాగితంలో చుట్టి విడిగా ఇస్తే ఎత్తేవాళ్ల చేతులు క్షేమం.

ఇక ఎవరికీ అక్కర్లేనివి మిగులుతాయి. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ, గుట్కా ప్యాకెట్లు. పొరల మీద పొరలు అతికించి చేసినవి కాబట్టి పాతసామాన్లవాడూ ముట్టుకోడు. సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో ఇంధనంగా కాల్చడం వాటికున్న దారుల్లో ఒకటి. ప్యాకెట్లలో సరుకు నింపి అమ్మే కంపెనీలే వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత మోయాలని 2022లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ బాధ్యత మండల కేంద్రం దాకా, తండా దాకా రావాలంటే పంచాయతీలు అడగాలి. అడగాలంటే ముందు ఆ ప్యాకెట్లు విడిగా ఓ బస్తాలో ఉండాలి. కలిపేసిన చెత్త గురించి ఎవరినీ నిలదీయలేం కదా!

కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు. ఈ నేల మీద అమ్మమ్మలు, నాయనమ్మలు చేసిందే. కుడితిది కుడితికి, పెంటది పెంటకు, ఇనుముది ఇనుముకు. మధ్యలో ఓ తరం ఆ ఏర్పాటును మర్చిపోయింది. ట్రాక్టరు వచ్చాక అవసరం లేదనుకుంది. కానీ ట్రాక్టరు చెత్తను ఊరు దాటించగలదు తప్ప ఎరువుగా మార్చలేదు. ఆ మార్పు మొదలయ్యేది గడప దగ్గరే.

రేపు పొద్దున కూడా గార్లలో చీపుళ్ల చప్పుడు వినిపిస్తుంది. సాన్పు పడుతుంది. చుక్కలు, గీతలు కలుస్తాయి. ఆ ముగ్గు పక్కన ఒకటి కాదు, రెండు బుట్టలు కనిపించిన రోజున... ఆ వాకిలి గీత దగ్గర ఆగదు. వాగు దాకా శుభ్రంగా ఉంటుంది.

ఇంట్లోనే పెంటకుప్ప!

పెరడు లేకపోయినా ఫరవాలేదు. మూత ఉన్న పాత బకెట్ ఒకటి చాలు. అడుగున, పక్కల నాలుగైదు చిల్లులు పెట్టాలి. అడుగున బెత్తెడు ఎండుటాకులు వేయాలి. దాని మీద రోజూ కూరగాయల తొక్కలు, టీపొడి, వాడిన పూలు వేసి, పైన గుప్పెడు ఎండుటాకులో, మట్టో చల్లాలి. వారానికోసారి కర్రతో కలపాలి. కాస్త పేడనీళ్లో, పుల్ల మజ్జిగో చిలకరిస్తే తొందరగా మాగుతుంది. మరీ తడిగా ఉంటే కంపు వస్తుంది, ఎండుటాకులు పెంచాలి. మరీ పొడిగా ఉంటే మాగదు, నీళ్లు చల్లాలి. మాంసం, ఎముకలు, నూనె వస్తువులు వేయకూడదు. రెండు నెలలు తిరిగేసరికి నల్లగా, మట్టివాసనతో ఎరువు సిద్ధం. తులసికోటకైనా, కరివేపాకు చెట్టుకైనా అంతకుమించిన బలం లేదు.